నా కళ్ళజోడు పెట్టుకుని కొట్టిన పెనాల్టీ

మా చిన్నప్పుడు కాన్వెంటులో నా మీద పెనాల్టీ కొట్టాలంటే ముందు నా కళ్ళజోడు మోయాలి...

అది మా సిస్టర్ పెట్టిన రూలు. కేరళ నుంచి వచ్చిన ఆవిడ, సామర్లకోట దగ్గరి మా బడిలో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పేవారు. ఒకసారి బంతి తగిలి నా కళ్ళజోడు పగిలింది. కొత్తది కాకినాడలో చేయించుకుని వచ్చేసరికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ బ్లాక్‌బోర్డు నాకు ఒట్టి నల్లగోడ.

అప్పటి నుంచి పెనాల్టీ అంటే నేను కళ్ళజోడు తీసి, కొట్టబోయే అమ్మాయి చేతిలో పెట్టాలి. ఆ అమ్మాయి దాన్ని తీసుకెళ్ళి సిస్టర్‌కు అప్పగించాలి. అప్పుడే విజిల్.

"ఎవరి మీద కొడతావో వాళ్ళ వస్తువు ఒక్క నిమిషం జాగ్రత్తగా మొయ్యి. తర్వాత కొట్టు" అనేవారు సిస్టర్.

అంత చూపు తక్కువదాన్ని గోల్‌లో ఎందుకు పెట్టారని అడగకండి. పరుగెత్తడం రానివాళ్ళకు మైదానంలో ఇంకో చోటు లేదు. "కదలకుండా నిలబడవే, బంతే వచ్చి తగులుతుంది" అనేది మా బ్లూ హౌస్ కెప్టెన్ పద్మజ. గోల్ అంటే రెండు సరుగుడు కర్రలు. అందులో ఒకదాని పక్కన ఎప్పుడూ నా లైబ్రరీ పుస్తకం... అట్ట మీద మట్టితో.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఫైనల్లో రెడ్ హౌస్‌తో ఆడాం. అప్పటికి ఎవరికీ గోల్ లేదు. డ్రా అయితే అంతకుముందేడు గెలిచిన మాకే షీల్డ్ ఉండిపోతుంది. ఇంకో రెండు నిమిషాలున్నాయనగా వాళ్ళకు పెనాల్టీ వచ్చింది. కొట్టేది లావణ్య.

లావణ్య పదో తరగతి. ఆమెకు గోల్ కొట్టడం కంటే, కొట్టే ముందు అందరూ తనను చూడటం ఇష్టం. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడటం, రెండడుగులు వేసి ఆగటం, కీపర్ ఒక పక్కకు దూకేస్తే నవ్వి మళ్ళీ వెనక్కి వెళ్ళటం... నాకు ఒళ్ళు మండేది. పైకి ఏమీ అనేదాన్ని కాదు.

ఆ రోజు నా కళ్ళజోడు అందుకుంది. సిస్టర్ వైపు వెళ్ళలేదు. తన ముక్కు మీద పెట్టుకుంది.

"సోడాబుడ్డి వస్తోంది, జరగండెహె" అంటూ, అరచేతిని పుస్తకంలా ముఖానికి ఆనించుకుని, నాలాగే తల వంచుకుని నడిచింది. మైదానమంతా నవ్వింది. మా హౌస్ వాళ్ళు కూడా నవ్వారు. పద్మజ నవ్వు నాకు విడిగా వినపడింది.

లావణ్య అలాగే పరుగెత్తుకొచ్చింది. నేను బంతిని చూడలేదు... చూసినా కనపడదు. ఎండకు తళుక్కుమంటున్న నా కళ్ళజోడునే చూశాను. వచ్చేవారం పరీక్షలు. అది కింద పడితే నా గతేంటి?

ఆ అద్దాల్లోంచి ఆమెకూ ఏమీ కనపడలేదనుకుంటా. కాలు నేలకు తగిలింది. బంతి నీరసంగా దొర్లుకుంటూ వచ్చి నా బూటు దగ్గర ఆగింది.

మా వాళ్ళు ఎగిరి గంతేశారు. సిస్టర్ మాత్రం తల అడ్డంగా ఊపారు.

"మళ్ళీ కొట్టాలి."

"ఆగిపోయింది కదండి సిస్టర్, మళ్ళీ ఏంటండి?" పద్మజ పరుగెత్తింది.

"కళ్ళజోడు నా చేతికి రాలేదు. నేను విజిల్ వేయలేదు. వేయకుండా కొడితే లెక్కలోకి రాదు."

రూలు తప్పింది లావణ్య. ఇంకో అవకాశమూ ఆమెకే. ఇన్నేళ్ళయినా తలచుకుంటే నాకు విసుగే.

లావణ్య కళ్ళజోడు సిస్టర్‌కిచ్చి, బంతి కోసం నా దగ్గరికి వచ్చింది. వంగినది వంగినట్టే అడిగింది.

"అది పెట్టుకుంటే నాకేం కనపళ్ళేదే. తీసేస్తే నీకూ అంతేనా?"

"అంతే అక్కా."

బంతి అందుకుంది. తర్వాత, నాకు మాత్రమే వినపడేట్టు, "బావి వైపు కొడతాను. చూసుకో" అంది.

గోల్‌కు ఒక పక్క బావి, ఇంకో పక్క చర్చి. నేను అప్పటికే బోలెడు డిటెక్టివ్ పుస్తకాలు చదివినదాన్ని. రెండు వందల మంది ముందు నన్ను వెక్కిరించిన మనిషి, తన ఆఖరి యేడు, షీల్డ్ పోగొట్టుకునే నిజం చెబుతుందా? ఇది ఇంకో వేషం అనుకున్నాను.

ఈసారి ఆగలేదు, నవ్వలేదు. మామూలుగా నాలుగడుగులు వేసి కొట్టింది.

నేను చర్చి వైపు దూకాను. బంతి బావి వైపు వెళ్ళింది.

రెడ్ హౌస్ వాళ్ళు కేకలు వేస్తుంటే లావణ్య వాళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. సిస్టర్ దగ్గర కళ్ళజోడు తీసుకుని, చేతిరుమాలుతో రెండద్దాలూ తుడిచి, నా చేతిలో పెట్టింది. షీల్డ్ గెలిచిన ముఖం కాదది. చిరాకు పడ్డ ముఖం.

"చెప్పాను కదే. నమ్మవేంటి?"

ఇప్పుడు మా అన్నయ్య కొడుకు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెనాల్టీలు కొడతాడు. ముందు గంతులు, గోల్ పడ్డాక కీపర్ ముఖం మీదికెళ్ళి తన నోటి మీద వేలు. ఆ కీపర్ ఏడేళ్ళవాడు. ఇదేంటిరా అంటే, "అది స్టైల్ అత్తా, టీవీలో అందరూ అంతే" అంటాడు. వాడితో వాదించి వాదించి విసిగిపోయాను. ఎదుటివాడి వస్తువు ఒక్క నిమిషం మోయించే సిస్టర్ ఆ సెల్లార్‌లో లేరు...

లావణ్య ఇప్పుడెక్కడుందో తెలియదు. కనిపిస్తే చెప్పాలి, ఆ రోజు తప్పు సగం నాదేనని.

మిమ్మల్ని అందరి ముందూ ఏడిపించి, ఆ తర్వాత చాటుగా ఒక్క నిజం చెప్పినవాళ్ళు మీకూ ఉండే ఉంటారు. మీరైనా నమ్మారా?