గిటారుకు కట్టిన సైకిల్ ట్యూబు

ఆదివారం పొద్దున ఆరాధనకు ముందు వంటింటి తలుపు గడియ పెట్టుకుని, వేడినీళ్ల గిన్నెలో రెండు చేతులూ ముంచి కూర్చునేదాన్ని. వేళ్లు ఒక్కొక్కటిగా తెరుచుకునేవి. ఎడమ చూపుడువేలు అన్నిటికన్నా మొండిది. తలుపు ఎందుకు వేసుకునేదాన్నంటే, మా ఇంటికి పొద్దున్నే మనుషులు వచ్చేవాళ్లు. జ్వరమొచ్చిన పిల్లల్ని ఎత్తుకుని, నడుము పట్టేసిన అత్తల్ని నడిపించుకుంటూ, మా ఆయన చేత ప్రార్థన చేయించుకోవడానికి వచ్చేవాళ్లు. రోగుల కోసం ప్రార్థించే పాస్టరు ఇంట్లో పాస్టరు భార్య చేతులే ముడుచుకుపోయాయని వాళ్ల కంట పడకూడదు. నా భయమంతా అదే.

అవి తొంభైల మొదటి సంవత్సరాలు. సిద్దిపేటలో ఒకప్పుడు వడ్ల బస్తాలు వేసిన రేకుల షెడ్డును కిరాయికి తీసుకుని మా సంఘం కూడేది. వానాకాలంలో పాత వడ్ల వాసన నేలలోంచి లేచేది. చుట్టుపక్కల ఊళ్ల కూలీలు, చిన్న రైతులు బస్సుల్లో వచ్చేవాళ్లు. వాద్యాలంటే ఒక డోలకు, ఒక జత తాళాలు, నా గిటారు. పెళ్లికి ముందు వాక్య శిక్షణకు హాస్టల్లో ఉన్నప్పుడు నేర్చుకున్నాను. పుట్టింటివాళ్లు నగలకు బదులు ఏం కావాలంటే ఇదే అడిగాను.

మా దగ్గర పాటకు శృతి ముందుగా ఎవరూ చెప్పుకోరు. నాట్లకూ కలుపులకూ పోయే ఒక పెద్దమ్మ ముందు వరసలో కూర్చునేది. ఆమె కళ్లు మూసుకుని పాట ఎత్తుకుంటుంది. ఆమె గొంతు ఎక్కడ పట్టుకుంటే అదే శృతి. ఒకవారం కాస్త కింద, పండగనాడు ఆకాశంలో. వాద్యమే వెతుక్కుంటూ వెనక పోవాలి. పల్లవి మొదటి వరస ముగిసేలోపే ఆ చోటు పట్టుకోగలనని నాకు లోలోపల గర్వం. అందుకు చూపుడువేలును ఆరు తీగల మీదా అడ్డంగా పరిచి, గిటారు మెడను పైకీ కిందికీ జారుతూ గట్టిగా అదిమి పట్టాలి. బార్ కార్డు అంటారు దాన్ని. నా పనితనమంతా ఆ ఒక్క వేలిలో ఉండేది.

ముప్పై దాటాక మొదట జొన్నరొట్టె కొట్టడం పోయింది. పిల్లలకు అన్నమే ఇష్టమని ఇరుగుపొరుగుతో అన్నాను. తర్వాత బార్ కార్డు పోయింది. హైదరాబాదులో డాక్టరు కీళ్లవాతమని, వయసుతో వచ్చే రకం కాదని, రక్తంలోనే ఉందని చెప్పి మాత్రలు రాశాడు. గిటారు సంగతి అడిగితే, మానక్కర్లేదు, నొప్పి పుట్టేంత గట్టిగా మాత్రం నొక్కవద్దన్నాడు. మాత్రల సీసా బియ్యం డబ్బా వెనక పెట్టుకున్నాను. మందులు వాడొద్దని మా ఆయన ఎవరితోనూ అనలేదు. కానీ మా సంఘంలో రోగం బాగైనవాళ్లు లేచి చెప్పే సాక్ష్యాలన్నీ "దవాఖానలన్నీ తిరిగినమయ్యా" అని మొదలై ప్రార్థన దగ్గర ఆగేవి. అక్కడే ఆగకుండా మళ్లీ దవాఖానకు పోయిన మనిషి ఏం సాక్ష్యం చెబుతుంది?

ఆయన నాకు నూనె రాసి ప్రార్థన చేశారు. ఇంట్లో, వెనకగదిలో, గొంతు తగ్గించి. అందరికీ షెడ్డులో, గొంతెత్తి చేసే ప్రార్థన అది. నన్ను అక్కడికి ఎందుకు పిలవలేదని ఆయన్ని అడగలేదు. పిలవనందుకు నాకు ఊరటగా ఉండింది. ఆ ఊరట కూడా నాకు సిగ్గే.

ఇక గిటారును నా చేతులకు తగ్గట్టు మార్చుకోవడం మొదలుపెట్టాను. దుకాణంలో అన్నిటికన్నా సన్నని తీగలు అడిగి తెచ్చి వేశాను. తీగలు ఎత్తుగా ఉంటే వేలు ఎక్కువ దూరం నొక్కాలి కదా, కిందివైపు తీగలు ఆనే తెల్లని ఎముక ముక్కను ఊడదీసి గరుకుకాగితం మీద అరగదీశాను. ఒకసారి ఎక్కువ అరిగింది. తీగలు గిటారు మెడ మీది లోహపు మెట్లకు తగిలి ఈగల్లా జుమ్మన్నాయి. పాత క్యాలెండరు అట్టను సన్నగా కత్తిరించి ఎముక కింద పెడితే సర్దుకుంది. తీగలన్నిటినీ ఒక స్వరం కిందికి వదులు చేశాను. వదులు తీగ మెత్తగా ఉంటుంది. తగ్గిన శృతిని తిరిగి పైకి తేవడానికి గిటారు మెడ మీద మూడో మెట్టు దగ్గర ఒక పెన్సిలును అడ్డంగా పెట్టి, సైకిల్ ట్యూబు పేలికతో బిగించి కట్టాను. బిగుసుకుపోయిన నా చూపుడువేలి పని ఆ పెన్సిలు చేసేది. మిగిలిన వేళ్లతో తేలిక కార్డులు పట్టుకుంటే సరిపోయేది. తీగలు మీటే పిక్ జారకుండా దానికి గుడ్డపట్టీ చుట్టాను. నిలబడి వాయించేదాన్ని కుర్చీలో కూర్చున్నాను.

పెన్సిలు ఎందుకని ఎవరైనా అడిగితే శృతి కోసం అనేదాన్ని. అబద్ధం కాదు. పెద్దమ్మ గొంతు చాలా వారాలు ఆ పెన్సిలు దగ్గరికే వచ్చి ఆగేది. రాని వారం తీగలను అరచేత్తో మూసి తాళం మాత్రం కొట్టేదాన్ని. ట్యూబు విప్పి మరో మెట్టు దగ్గర కట్టడం పాట మధ్యలో అయ్యే పని కాదు. అట్లా నాలుగు కాలాలు గడుస్తాయనుకున్నాను.

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆయన ఆడవాళ్ల మీద చేతులుంచరు. ఆ పని నాది. ఒక శుక్రవారం చేర్యాల నుంచి ఒక కూతురు తన తల్లిని తీసుకొచ్చింది. తల్లి వేళ్లు చింతకాయల్లా వంకర్లు పోయాయి. నేను తలమీద చెయ్యి పెట్టబోతుంటే ఆమె నా చేతులే పట్టుకుంది. పట్టుకుని కణుపులు తడిమింది.

"ఓ బిడ్డా, నీ చేతులు గూడ నా లెక్కనే ఉన్నయి గదనే!" అంది. మెల్లగా అనడం ఆమెకు తెలియదు. షెడ్డంతా విన్నది.

"అవ్వా, ఊకో. అమ్మగారిని అట్లంటరా?" అని కూతురు గదమాయించింది.

"ఉన్నదే అన్న. గీ బొక్కల నొప్పి నాకెరుక లేదా? పాపం, పొద్దుగాల పిడికిలి గూడ పడదు." మళ్లీ నావైపు తిరిగి నవ్వింది. "మరి నువ్వు నాకేం అడుగుతవ్, నేను నీకేం అడుగుత? పా, ఇద్దరం కలిసే అడుగుదాం."

ఎవరో కిసుక్కుమన్నారు. నేను చేతులు కొంగు కిందికి లాక్కున్నాను. అప్పుడు మా సంఘపెద్ద లేచాడు. ఆయన బట్టల దుకాణంలో గుమాస్తా, మంచివాడు, ఏ ఇంట్లో కష్టమొచ్చినా ముందు నిలబడేవాడు. "అయ్యగారూ, అమ్మగారిని ముందల్కి పిలువున్రి. అందరం కలిసి ప్రార్థన చేద్దాం," అన్నాడు.

నేను నడుమ నిలబడ్డాను. చెయ్యి ఎండిపోయిన మనిషిని ప్రభువు సమాజమందిరంలో లేపి నడుమ నిలబెట్టిన భాగాన్ని ఆడవాళ్లకు ఎన్నోసార్లు బోధించాను. చెయ్యి బాగైన సంగతే చెప్పేదాన్ని. అందరూ చూస్తుండగా ఆ చెయ్యి చాపడానికి ముందు అతనికి ఎట్లా ఉండిందో ఒక్కసారీ ఆలోచించలేదు. మా ఆయన నూనెతో నా కణుపులు తాకారు. సంఘమంతా గొంతెత్తింది. నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను, ప్రభువు చిత్తమైతే ఆ క్షణంలోనే బాగుచేయగలడని. మర్నాడు పొద్దున వేళ్లు ఎప్పటిలాగే మూసుకుని ఉన్నాయి.

నల్లా దగ్గర ఒకామె, "తక్కువైందా అమ్మగారూ?" అంది ఆశగా. ప్రార్థన చెయ్యమన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. ఆమె విశ్వాసాన్ని నా చేతులతోనే నలిపినట్టు అనిపించింది.

ఆదివారం షెడ్డు నిండింది. శుక్రవారం రానివాళ్లూ వచ్చారు. నేను గిటారు ఒళ్లో పెట్టుకుని కూర్చోగానే సంఘపెద్ద దగ్గరికి వచ్చి వంగి, మెల్లగానే అన్నాడు. "అమ్మగారూ, నూనె రాసి ప్రార్థన చేసినంక గా రబ్బరెందుకమ్మా? తీసెయ్యున్రి. విశ్వాసంతోని వాయించున్రి."

మెల్లగా అన్నా ముందు వరసలన్నీ విన్నాయి. ఆయన కళ్లలో ఎకసెక్కం లేదు. ఉంటే బాగుండేది, కోపం తెచ్చుకునేదాన్ని. నాకోసం నిజంగా ఎదురుచూస్తున్న కళ్లు అవి. నేను ట్యూబు విప్పాను. పెన్సిలు పక్కన పెట్టాను. పక్కన పెట్టకపోతే దేవుణ్ణి నమ్మనిదాన్నవుతాను, పెడితే వాయించలేను. ఆ రెంటిలో రెండోదాన్నే ఎంచుకున్నాను.

పెద్దమ్మ కళ్లు మూసుకుని పాట ఎత్తుకుంది. చాలా పైన. నా స్వస్థత కోసమే అంత పైకి ఎత్తుకుందని నాకు అర్థమైంది. చూపుడువేలు తీగల మీద అడ్డంగా పరిచి, బొటనవేలితో వెనకనుంచి బలంకొద్దీ అదిమాను. కణుపులో నిప్పు పడ్డట్టయింది. తీగలు మోగలేదు, కిర్రుమన్నాయి. మళ్లీ అదిమాను. చెయ్యి పట్టేసింది, గిటారు మెడ మీదనుంచి తీయడం కూడా కుదరలేదు. కుడిచేత్తో ఎడమచేతి వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసుకున్నాను, అందరి ముందూ. డోలకు ఆగిపోయింది.

పెద్దమ్మ కళ్లు తెరిచింది. పాట మధ్యలో ఆమె ఆపడం నేను అంతకుముందు చూడలేదు.

"అమ్మగారూ," అంది, "నువ్వే చెప్పు, ఏడ పట్టుకోవాల్నో. గాడ్నే పట్టుకుంట."

"అట్లెట్లయితది?" అన్నాడు సంఘపెద్ద. "ఆత్మ నడిపించినట్టు పాడాలె గని..."

"ఇన్నొద్దులు నా గొంతెనక ఆమె ఉరికింది. ఇయ్యాల నేను ఆమె ఎనక పోతే ఆత్మకేం నొప్పి? నువ్వు కూసో తమ్మీ."

ఆడవాళ్ల వైపు నవ్వు లేచింది. నాకు మాత్రం ఆ మాట కూడా బరువుగానే పడింది. ముసలామె తన గొంతును నాకోసం దించుకుంటోంది. కానీ చెప్పక తప్పదు. పెన్సిలు తీసుకుని మూడో మెట్టు మీద పెట్టాను. ట్యూబు చుట్టబోతే వేళ్లు మాట వినలేదు. ఒక కొస పట్టుకుంటే రెండో కొస జారింది. అంతమంది ఎదుట, పసిపిల్ల జడ వేసుకోబోయినట్టు, ఆ నల్లటి రబ్బరు పేలికతో తంటాలు పడ్డాను. చెవులు వేడెక్కాయి. లేచి వెళ్లిపోవాలనిపించింది. వెళితే మళ్లీ ఆ కుర్చీలో కూర్చోనని కూడా తెలుసు.

మా ఆయన వాక్యం చెప్పే బల్ల వెనకనుంచి దిగి వచ్చారు. నేల మీద మోకాలు ఆనించి, "ఇగో, నేను పట్టుకుంట," అన్నారు.

ముడి వేయడం ఆయనకు చేతకాలేదు. ట్యూబు ఎటు తిప్పాలో తెలియక రెండుసార్లు అడిగారు. చివరికి పేలిక వదిలేసి, తన రెండు చేతులతో పెన్సిలును తీగలకు అదిమి పట్టుకున్నారు. వెనకగదిలో తప్ప నా చేతుల గురించి ఒక్క మాట మాట్లాడని మనిషి, సంఘం ముందు నా ఎడమచేతి పక్కన తన చేతులు పెట్టి కూర్చున్నారు. నేను తేలిక కార్డు పట్టి ఒకసారి మీటాను.

"గిదా?" అంది పెద్దమ్మ.

"గదే," అన్నాను.

"జర కిందికున్నది. మొగోళ్లకు మంచిగైతది తియ్," అని ఎత్తుకుంది.

నిజంగానే ఆ శృతిలో మగవాళ్ల గొంతులు ఎన్నడూ లేనంత నిండుగా వచ్చాయి. ఎవరో పిల్ల, "అయ్యగారు గూడ గిటారు నేర్సుకుంటున్నడు," అంటే వాళ్లమ్మ దాని నోరు మూసింది. సంఘపెద్ద మొదటి చరణం పాడలేదు. రెండో చరణానికి పెదాలు కదిలించాడు. ఆయన నన్ను చూస్తున్నాడో లేదో నాకు తెలియదు, నేను తల ఎత్తలేదు. సిగ్గు ఎక్కడికీ పోలేదు, మెడ వంచి పట్టుకునే ఉంది. కుడిచెయ్యి మాత్రం మీటుతూనే ఉంది. మా ఆయన బొటనవేళ్లు తెల్లబడే దాకా పెన్సిలును నొక్కి పట్టుకున్నారు. నొప్పి పుడుతుందేమో కాస్త వదులు చెయ్యమని నేను గొణిగితే, తల అడ్డంగా ఊపి పాడుతూనే ఉన్నారు.