ఎత్తి తాగిన రెడ్ వైన్

ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఫోన్‌లో ఒక వీడియో చూస్తే చాలు, ఆ విద్య వచ్చేసినట్టే. అప్పట్లో ధర్మవరంలో మా మామ పట్టుచీరల అంగట్లో పనిచేసేవాణ్ణి. పనంటే, బేరానికొచ్చినవాళ్లు చూసి వదిలేసిన చీరలను వెనక గదిలో కూర్చుని మళ్లీ మడతపెట్టడం. (రెండేళ్లు పెట్టాను. ఇప్పటికీ దుప్పటి కనబడితే నా చేతులు ఊరుకోవు.) ముందు గదిలో తెల్లపరుపు మీద కూర్చుని, చీర విప్పి చూపించే రోజు కోసం కలలు కనేవాణ్ణి.

ఒకసారి మామకు మోకాలు పట్టేసింది. బెంగళూరులో పెద్ద అంగడి ఉన్న మేడమ్ ఒకావిడ అనంతపురం వచ్చి, తెలిసినవాళ్ల ఇంట్లో దిగింది. ఆమెకు ఆరు చీరలు చూపించి రమ్మని మామ నన్ను పంపాడు.

"ఆయమ్మకు నచ్చినాయంటే రేపట్నుంచి పరుపు మీద నువ్వే కూచో. చెడగొట్టుకొని వస్తివా, మళ్లా మడతలే. నాకేం కోపం ఉండదులే" అన్నాడు. ఆ చివరి మాటకే నాకు చెమటలు పట్టాయి.

మేడమ్ ఫోన్ చేసి భోజనానికి రమ్మంది. నాలుగు రకాల ద్రాక్షలు కలిపి చేసిన ఘాటైన రెడ్ వైన్ తెచ్చుకుందట, దాని ముందు చప్పటి తిండి నిలబడదట, మీ ఊరి తిండి ఏదైనా పట్టుకురమ్మంది. వైన్ సంగతి నాకు చెప్పక్కర్లేదన్నట్టు మాట్లాడి, బస్సులో వీడియో చూసుకున్నాను. బస్సెక్కే ముందే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు, రాగిసంగటి, వేరుశెనగ పచ్చడి ఊరిబిండి క్యారియర్లో సర్దుకున్నాను. వైన్ మాట మామకు మాత్రం చెప్పలేదు.

ఆవిడ దిగిన ఇంట్లో చీరలు పరిచాను. మేడమ్ ఒక్కొక్కటే తడిమి చూస్తూ, పొడుగు కాడ ఉన్న గాజు గ్లాసులో నాకూ పోసింది. వీడియోలో చెప్పినట్టు గ్లాసును గుండ్రంగా తిప్పాను, వాసన చూసి తలాడించాను. అంతవరకు దొరలాగే ఉన్నాను. తాగడం దగ్గరకొచ్చేసరికి మా ఇంటి అలవాటు ముందుకొచ్చింది. గ్లాసుకు పెదవి తగిలిస్తే ఎంగిలని మా అవ్వ గరిటె తీసేది. అందుకని తల వెనక్కి వంచి, గ్లాసు పైకెత్తాను. ఆ గ్లాసుకు కడుపు పెద్దది, మూతి చిన్నది, ముందు చుక్క రాలేదు. ఇంకాస్త వంచాను. అంతా ఒక్కసారే వచ్చింది. సగం నా చొక్కా మీద, సగం మామ ప్రాణంగా చూసుకునే మీగడ రంగు చీర మీద.

నాకు ఏడుపొక్కటే తక్కువ. మేడమ్ మాత్రం పడీపడీ నవ్వింది.

"మా అజ్జి, అదే మా అవ్వ కూడా ఎంగిలి చేస్తే ఊరుకొనేది కాదప్పా. ఈ గ్లాసులో ఎత్తి తాగేది యాడ కుదుర్తాది? లోపల స్టీలు గ్లాసులుండాయి, రెండు తీసుకొనిరా పో."

ఇద్దరం ఎత్తే తాగాం. ఉత్త వైన్ నేరేడుపండులాగా వగరు. మిరపకాయ బజ్జీ కొరికి తాగితే చెవుల్లోంచి పొగలొచ్చాయి. సంగటి ముద్ద ఊరిబిండిలో అద్దుకుని తాగాక ఆ వగరు ఎటు పోయిందో తెలియలేదు. కడుపునిండా తిని, మేడమ్ మిగతా ఐదు చీరల రకాలూ నేయించి పంపమంది. ఆరోదాని సంగతి మీ మామకు నువ్వే చెప్పుకో అంది.

సాయంత్రం మామ ముందు చీర విప్పి, ఏదీ దాచకుండా చెప్పేశాను. వెనక గది అప్పుడే కళ్ల ముందు కనబడుతోంది. మామ మరకను వాసన చూశాడు.

"ఎత్తే తాగినావు కదా? ఆయమ్మ ముందర ఎంగిలి చేయలేదు కదా?" అన్నాడు.

"ఎత్తే తాగినా మామా."

"అయితే రేపు పొద్దున్నే వచ్చి పరుపు మీద కూచో."

ఇప్పుడు మా ఇంట్లో కాడ గ్లాసులు ఆరున్నాయి. వచ్చినవాళ్లకు వాటిలోనే పోస్తాను. నాకు మాత్రం స్టీలు గ్లాసు, పక్కన సంగటి. తాగే ముందు మెడ చుట్టూ తువ్వాలు కట్టుకుంటాను. వయసు పైబడుతోంది, చెయ్యి అప్పట్లాగా నిలవడం లేదని మా ఆవిడతో అంటుంటాను. నిజం చెప్పాలంటే, అప్పుడూ నిలవలేదు.