ఐజాక్ గారిని తిట్టిన రోజు

రెండువేల ఇరవై మూడు. కెనడాలోని సర్రీలో స్కైట్రైన్ స్టేషన్ దగ్గర ప్లాజాలో గుర్మీత్ పాజీ సెలూన్. పాజీ అంటే పంజాబీలో అన్న. నేను అందులో పని చేస్తా. ఆ ఏడు ఇండియా నుంచి వచ్చిన స్టూడెంట్లతో బెంచీ మీద చోటుండేది కాదు. "ఆంటీ, డ్యూటీకి పోవాలి, పది నిమిషాల్లో ఫేడ్ కొట్టెయ్యి" అనేవాళ్ళు. ఫేడ్ అంటే మెడ దగ్గర చర్మం కనపడేలా మొదలుపెట్టి, పైకి పోయేకొద్దీ జుట్టు ఎక్కువ వదులుతూ పోవడం. పది నిమిషాల్లో అయ్యే పని కాదు. నేను చేసేదాన్ని.

నాకు సంతకం వచ్చు, రాత రాదు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. పని మాత్రం మా ఆయన దగ్గర నేర్చుకున్నా. నల్గొండలో ఆయన చెయ్యి పడిపోయినప్పుడు కత్తి నేను పట్టుకున్నా. "ఆడది గడ్డం గీసుడేంది" అన్నవాళ్ళే తర్వాత వరసలో కూర్చున్నారు. ఆయన పోయిన రోజు ఆఖరి గడ్డం గీసింది కూడా నేనే.

ఐజాక్ గారు నా పాత కస్టమర్. యూదుల పెద్దాయన, డెబ్బై దాటారు, ఒకప్పుడు లెక్కల మాస్టారు. ఆరేళ్ళుగా నెలనెలా నా కుర్చీలోనే. ఆయన చెంపకి కత్తి తగలకూడదు, అది వాళ్ళ ధర్మం. గడ్డం మెషీన్‌తోనే కురచ చెయ్యాలి. మెడ వెనక మాత్రం కత్తి పెట్టొచ్చు. ఇదంతా నాకు తెలుసని నాకు కాస్త గర్వంగానే ఉండేది.

ఆ ఫిబ్రవరిలో వచ్చి, "మా అమ్మ పోయింది ఎల్లమ్మా" అన్నారు. తొంభై ఆరేళ్ళ తల్లి. స్టూడెంట్లని ఆగమని ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టా. కేప్ కప్పి, గార్డ్ తీసేసి మెషీన్ ఆన్ చేశా. గార్డ్ అంటే జుట్టు ఎంత మిగలాలో చూసే ప్లాస్టిక్ దువ్వెన. అది తీస్తే ఇక గుండే. తల్లి పోయిన కొడుక్కి గుండు కాక ఇంకేం చేస్తాం? మా వైపు అట్లాంటి తలలు ఎన్ని చేశానో. మెషీన్ నుదుటి దాకా పోయింది. ఆయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు.

"వద్దు ఎల్లమ్మా. మేం ముప్పై రోజులు జుట్టూ గడ్డమూ కత్తిరించకూడదు."

"మరి ఎందుకొచ్చారు?"

"కనపడకపోతే వేరే షాపుకి పోతున్నాననుకుంటావని."

మెషీన్ ఆపేశా. ఇంకొక్క వేలెడు పోతే ఆ మనిషి తల్లికి పట్టిన దీక్ష నా చేతుల్లో చెడిపోయేది.

నా ఇంగ్లీషు ముక్కలు ముక్కలు. ఆయన మాస్టారు కాబట్టి నిదానంగా విడమర్చి చెప్పారు. ముప్పై రోజులు ఎవరు పోయినా ఉంటుందట. తల్లికీ తండ్రికీ ఇంకోటుంది. ముప్పై దాటినా, స్నేహితులు చూసి "ఏమిటయ్యా ఈ అవతారం" అని మందలించేదాకా కత్తిరించుకోకూడదు.

"మూడు నెలలు ఆగితే చాలని మా రబ్బీ అంటున్నారు," అన్నారు. రబ్బీ అంటే వాళ్ళ గురువు. "కానీ నాన్న పోయినప్పుడు నా స్నేహితుడు బెర్నీ నన్ను నడిరోడ్డు మీద తిట్టాడు. ఆ తర్వాతే కత్తిరించుకున్నా. అమ్మకి తక్కువ చెయ్యను."

"అయితే బెర్నీనే తిట్టమనండి."

"బెర్నీ పోయి నాలుగేళ్ళు."

మిగిలిన ఇద్దరు స్నేహితులూ కేర్ హోమ్‌లో ఉన్నారు. ఒకాయన ఈయన్ని గుర్తే పట్టడు. వాళ్ళ ప్రార్థన మందిరంలో అందరూ మర్యాదస్తులు. కెనడా కదా, "గడ్డం నీకు బాగుంది ఐజాక్" అంటారట.

ఏప్రిల్ పోయింది, జూన్ పోయింది, ఆగస్టు పోయింది. నెలకోసారి వచ్చి, బెంచీ మీద కూర్చుని, నాతో రెండు మాటలాడి పోయేవారు. సెప్టెంబర్‌లో తల్లి సమాధి మీద రాయి నిలబెట్టి, దాని మీద కప్పిన గుడ్డ తీసే కార్యం ఉంది.

"ప్రతి శుక్రవారం అమ్మే నాకు తల దువ్వేది. ఇట్లా ఆమె ముందు ఎలా నిలబడను?" అన్నారు.

"ఎవరినన్నా అడిగి తిట్టించుకోండి."

"అడిగి తిట్టించుకుంటే అది నాటకం."

పోనీ నేనే తిడదామనుకున్నా. నోరు రాలేదు. దొంగ తిట్లు నాకు చేతకావు.

కార్యానికి వారం ముందు మళ్ళీ వచ్చారు. బెంచీ నిండా స్టూడెంట్లు. ఆయన గడ్డంలో ఎండిపోయిన సూపు మరక. పక్కన కూర్చున్న స్టూడెంటు మెల్లగా బ్యాగు తీసుకుని లేచి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఐజాక్ గారు అది చూశారు. చూసి, తప్పు తనదే అన్నట్టు ఇంకొంచెం మూలకి జరిగారు.

నాకు ఒళ్ళు మండింది. నా గొంతు ముందే బొంగురు. తెలుగులోనే వచ్చేసింది.

"ఏందయ్యా ఐజాకూ, ఈ వేషమేంది? అమ్మతో పాటు నీ మనిషితనం కూడా పూడ్చిపెట్టి వచ్చినవా? పొద్దున తిన్నది ఇంకా నీ గడ్డంలోనే ఉంది. ఈ మొహంతో ఆ రాయి ముందు నిలబడితే, ఆమె లేచొచ్చి నీ చెవి పిండుతది. సిగ్గు లేదూ నీకు?"

షాపులో మెషీన్లన్నీ ఆగిపోయాయి. "ఏమంటోంది?" అని స్టూడెంట్లని అడిగారు ఐజాక్ గారు. నాకొచ్చిన ఇంగ్లీషులో మళ్ళీ మొదటి నుంచి తిట్టా.

ఆయన లెక్క సరిచూసుకుంటున్నట్టు నన్ను చూశారు. "నువ్వు నా స్నేహితురాలివా ఎల్లమ్మా?"

"ఆరేళ్ళ నుంచి నీ మెడ మీద కత్తి పెడుతున్న. స్నేహం లేకుండానే మెడ వంచినవా?"

అక్కడి నుంచే రబ్బీకి ఫోన్ చేశారు, స్పీకర్ పెట్టి. రబ్బీ రెండే అడిగారు.

"నువ్వు తిట్టమన్నావా?"

"లేదు."

"నిజంగా కోపమొచ్చే తిట్టిందా?"

ఐజాక్ గారు నోరు తెరిచేలోపు గుర్మీత్ పాజీ అందుకున్నాడు. "సర్, పక్క పిజ్జా షాపువాళ్ళు బయటికొచ్చి చూస్తున్నారు."

ఫోన్‌లో నవ్వు వినపడింది. "ఇంకా ఆలస్యమెందుకు ఐజాక్? కుర్చీలో కూర్చో."

ఆ ఒక్క కటింగ్ గంటన్నర చేశా. డ్యూటీలున్న స్టూడెంట్లు ఒక్కరు కూడా గొణగలేదు. కేప్ తీసేటప్పటికి అద్దంలో మా మాస్టారు తిరిగొచ్చారు.

కార్యానికి నన్నూ రమ్మన్నారు. పూలు పట్టుకుపోతే, "మేం పూలు పెట్టం" అని నా చేతిలో గులకరాయి పెట్టారు. నేను చేతులు జోడించి, "తల్లీ, నా బిడ్డని చల్లగా చూడు" అన్నా. ఏమన్నావని అడిగితే చెప్పా. "మేం పోయినవాళ్ళని అడగం ఎల్లమ్మా. వాళ్ళ దగ్గర నిలబడి దేవుణ్ణి అడుగుతాం," అన్నారు మెల్లగా. జోడించిన చేతులు అట్లాగే ఉంచి, అదే మాట దేవుణ్ణి అడిగా.

నేను సమాధి మీద గులకరాయి పెట్టి వెనక్కి వచ్చాక ఆయన తన మెడ వెనక తడుముకున్నారు. రాయి వైపు చూసి, "అమ్మా, నన్ను తిట్టే మనిషి ఇంకా ఒకరున్నారు," అన్నారు.

కత్తి ఎట్లా పెట్టాలో మా ఆయన నేర్పాడు. ఎప్పుడు పెట్టకూడదో ఐజాక్ గారు నేర్పారు. ఇప్పుడు ఎవరన్నా ఇంట్లో మనిషి పోయారని వస్తే, మెషీన్ ముట్టుకోక ముందే "మీలో ఎట్లా చేస్తారు?" అని అడుగుతా. ఐజాక్ గారు మళ్ళీ నెలనెలా వస్తున్నారు. వారం ఆలస్యమైతే తిడతా. ఆ హక్కు నాకు రబ్బీ గారే ఇచ్చారు.