సబ్బు చెయ్యి

మా అత్తవారి ఊరు హుకుంపేట దాటాక కొండ మీద ఉంటుంది. నేను కాపురానికి వెళ్లిన కొత్తలోనే ఆ ఇంట్లో చెడ్డపేరు తెచ్చుకున్నాను. ఒక కుండ వల్ల.

అది అంబలి కుండ. చోడిపిండిని, అంటే రాగిపిండిని, నీళ్లలో కలిపి రాత్రంతా పులవబెట్టేది అందులోనే. దాన్ని గీకి గీకి కడగరు. ఉత్త నీళ్లతో ఒకసారి తొలిపి, కాసేపు బోర్లించి, మళ్లీ పిండి కలిపేస్తారు. లోపల అంటుకున్న పులుపే మర్నాటి పిండిని పులియబెడుతుంది. నాకది ఎవరూ చెప్పలేదు. మా పుట్టింట్లో అన్నీ స్టీలు గిన్నెలే. ఆదివారం చర్చికి ఆలస్యమైనా సరే, మా అమ్మ గిన్నెలు తళతళలాడేలా తోమిగానీ గడప దాటదు. ఈ కుండలో జిగట చూసి, ఇన్నాళ్లూ దీన్నెవరూ కడగలేదనుకున్నాను. నా పనితనం చూపిద్దామని సబ్బుబిళ్ల, పీచు పట్టుకుని ఎర్రమట్టి కనిపించేదాకా తోమేశాను.

మట్టికుండ సబ్బు పీల్చేసుకుంటుంది. మర్నాడు అంబలి మీద నురగ తేలింది.

మా అత్త అరవలేదు. అరిచినా బాగుండేది. ఆ అంబలి గిన్నెలో పోసి నా ముందు పెట్టింది.

"నువ్వే తోమినావు కదేటే, నువ్వే తాగు."

మామ, ఆడపడుచు, మా ఆయన చుట్టూ కూర్చుని చూస్తుండగా తాగాను. వద్దని ఒక్కరూ అనలేదు. ఆ రోజంతా వాంతులు. సాయంత్రం ఆమె కుండని రాతికేసి కొట్టి, ఊరందరికీ వినిపించేలా చెప్పింది.

"ఈ గుంట సేతికి సబ్బంటుకుపోనాది. ఇది వండింది నాను తినను."

ఏళ్ల తరబడి తినలేదు. నేను వెదురు చిగుళ్ల కూర వండినా, ఎండుచేపల పులుసు పెట్టినా మూత తీసి వాసన చూసేది. "సబ్బు" అనేది. తన వంతు తీసుకెళ్లి కోళ్లకు పోసేది. తనకి వేరే పొయ్యి, వేరే మట్టిదాక. మిగతావాళ్లు నా వంట కంచాలు నాకి తినేవారు, కానీ బాగుందన్న మాట ఆమె ఎదుట ఎవరి నోటా వచ్చేది కాదు.

నాకు మొండితనం పట్టుకుంది. ఆమె నా చేతి అంబలి తాగాలి, అంతే. ఇంకే కోరికా లేనట్టు దీని వెంట పడ్డాను. సంతలో కొత్త కుండ తెచ్చుకున్నాను. నీళ్లలో నానబెట్టాను. బియ్యం కడుగు పోసి సన్నసెగ మీద మరిగించాను. అడుగున మసిని బూడిదతో తోమడమే తప్ప దాని దగ్గరికి సబ్బు రానివ్వలేదు. నూకలు మెత్తగా ఉడికాక పులిసిన పిండి కొద్దికొద్దిగా పోస్తూ ఉండ కట్టకుండా కలపడం చేతికి వచ్చేసింది. కాఫీ తోటల పనికి పోయే ఆడవాళ్లు దారిలో ఆగి నా అంబలి అడిగి తాగేవారు. మా అత్త మాత్రం వాసన చూసేది. "సబ్బు."

ఈమధ్య ఆమెకి కంటి ఆపరేషన్ అయింది. ఒక కంటికి కట్టు, రెండో కంట్లో శుక్లం ముదిరిపోయి మనిషి పోలిక తెలియదు. బొర్రా దగ్గర అత్తవారింట్లో ఉన్న ఆడపడుచు వస్తానంది, రాలేదు. నేను అంబలి కుండ, కాల్చిన ఎండుచేప పట్టుకుని అరుగు మీదికి వెళ్లాను.

"వచ్చీసినావేటమ్మా?" అంది ఆమె, కూతురనుకుని.

మాట్లాడొద్దని మా ఆయన నాకు సైగ చేశాడు. గిన్నె ఆమె చేతికిచ్చాను. ఆగకుండా తాగేసింది. రెండోది పోశాను, అదీ తాగింది. నాకు సంతోషం వేసింది. సిగ్గు లేకుండా వేసింది, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

"కన్నకూతురు సెయ్యంటే ఇదీ," అంది మూతి తుడుచుకుంటూ. "ఆ సబ్బు సేతిది సచ్చినా ఇలాగ సెయ్యలేదు. మరికాసింత ఎయ్యమ్మా."

గిన్నె చాపింది.

"నానే అత్తా," అన్నాను. "సబ్బు సేతిదాన్ని."

 ఆమె నాలుకతో పెదాలు తడుముకుంది.

"అదా సంగతి. అందికే ఇందాకట్నుంచి నోరంతా సబ్బుసబ్బుగా ఉన్నాది."

మా ఆయన పగలబడి నవ్వాడు. ఆమెనైనా ఎప్పటికైనా క్షమిస్తానేమో గానీ, ఆ నవ్వుని క్షమించను.

అయితే ఆమె గిన్నె వెనక్కి తీసుకోలేదు. చాపిన చెయ్యి అలాగే ఉంది. ఆకలి తీరలేదని నాకు తెలుసు. కుండ పక్కన పెట్టుకుని ఆమెకి ఎదురుగా చతికిలబడ్డాను. మిగిలిన అంబలంతా గుటక గుటకకీ చప్పుడు చేస్తూ, ఆమెకి బాగా వినిపించేలా తాగాను. ఆమె గొంతు కదులుతూనే ఉంది. అడిగితే పోసేదాన్నే. అడగలేదు.