యాదన్న వెనకాల నెల రోజులు

ఒక మనిషి వెనకాల నెల రోజులు దాక్కుంటూ నడిచి, ఆ మనిషికి రోడ్డు దాటడం రాదని ఫారం నింపిన ఘనత నాది.

కరోనా తగ్గి కాలేజీలు మళ్లీ తెరిచిన ఏడాది అది. తార్నాకలో ఒక సందులో, రెండో అంతస్తులో మా ఇల్లు. మా ఇల్లంటే నాది కాదు, మేధో వైకల్యం ఉన్న నలుగురు మగవాళ్లది. ఎత్తైన ప్రహరీ ఉన్న హాస్టల్లో కాకుండా, అందరిలాగే అద్దె ఇంట్లో, నల్లా నీళ్ల కోసం కింది వాటావాళ్లతో గొడవపడుతూ బతకాలన్నది ఆ ఏర్పాటు. నేనూ ఇంకొకతనూ అక్కడ సపోర్ట్ వర్కర్లం. అంటే వండిపెట్టేవాళ్లం కాదు. వాళ్లు వండుకుంటుంటే పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాళ్లం. ఈ ఉద్యోగంలో చేతులు కట్టుకోవడమే కష్టం. మాట సాయం తర్వాత, ముందు మౌనం సాయం.

నలుగురిలో యాదగిరి పెద్దవాడు, ముప్పై ఎనిమిదేళ్లు. నాకంటే పదేళ్లు పెద్ద కాబట్టి యాదన్న అనేవాణ్ణి. దగ్గర్లోని యూనివర్సిటీ క్యాంపస్‌లో మొక్కల నర్సరీ ఉంది. కవర్లలో మట్టీ ఎరువూ నింపే పనికి అతన్ని తీసుకున్నారు. షరతు ఒకటే, నెలాఖరుకల్లా ఒక్కడే వచ్చి పోవాలి. రోజూ దిగబెట్టి రావడం మా ఇద్దరికీ కుదరదు. ఈ పని పోతే యాదన్నకు మళ్లీ టీవీయే గతి. ఇక్కడికి రాకముందు మౌలాలిలో అక్క ఇంట్లో ఆరేళ్లు అదే చూశాడు. సీరియళ్లు మారాయి గానీ కుర్చీ మారలేదు.

దారి నేర్పడానికి మాకొక పద్ధతి ఉంది. మొదట పక్కన నడుస్తాం. తర్వాత కనపడకుండా వెనక నడుస్తాం, దీన్ని షాడోయింగ్ అంటారు. చివరికి మానేస్తాం. నీడపట్టున కూర్చోవడంలో నాకు మంచి అనుభవం ఉంది గానీ, నీడలా నడవడం అదే మొదలు. నడిచినన్నాళ్లూ డేటా షీట్ నింపాలి.

పక్కన నడిచిన మొదటి రోజే, తార్నాక సిగ్నల్ దగ్గర యాదన్న నా చొక్కా పట్టి వెనక్కి లాగాడు. ‘సిబ్బందిని అనుచితంగా పట్టుకున్నాడు’ అని రాశాను. వెనక నడవడం మొదలయ్యాక, ‘సిగ్నల్ దగ్గర కారణం లేకుండా ఏడు నిమిషాలు ఆగాడు, వెనక్కి చూశాడు, క్యాంపస్ గేటు దగ్గర మళ్లీ ఆగాడు’ అని రాశాను. రోజూ ఇదే వరస. అరగంట నడక గంట అయ్యేది. మా కోఆర్డినేటర్ మేడం షీట్లు తిరగేసి, “ఇంకా రెడీగా లేడు. నర్సరీకి చెప్పేద్దాం” అన్నారు. ఇంకో పదిరోజులు గడువు బతిమాలుకున్నాను.

ఆ సోమవారం నాకు జ్వరం. ముందు గదిలో పడుకుని ఉన్నాను. యాదన్న టిఫిన్ డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“నువ్వు లెవ్వవా సారూ?”

“నేనెందుకన్నా? రోజూ నువ్వొక్కనివే పోతవ్ గద.”

“నా ఎన్కనే వస్తవ్ గద. జామకాయల బండి ఎన్క దాస్కుంటవ్.”

నాకు జ్వరం ఒక డిగ్రీ పెరిగింది.

“మరి ఇన్ని దినాలు చెప్పకపోతివి?”

“నువ్వు దాస్కుంటున్నవ్. చెప్తే మంచిగుంటదా?”

“సిగ్నల్ కాడ ఎందుకు ఆగుతవన్నా?”

“నువ్వు రావాలె గద. నీకు దాటుడు రాదు. ఫస్టు దినం బస్సు కింద పడుతుంటివి, అంగి వట్టి గుంజిన.” కాస్త ఆలోచించి, ఓదార్పుగా అన్నాడు. “నేర్సుకున్నంక ఇడ్చిపెడ్త తియ్.”

అంటే ఇన్నాళ్లూ అతనూ పద్ధతి ప్రకారమే నాకు దారి నేర్పుతున్నాడు. కాకపోతే నేను సరిగా నేర్చుకునే రకాన్ని కాదు.

“ఇయ్యాల నువ్వు పండుకో. నేను జల్ది పోత” అని వెళ్లిపోయాడు. గంట తర్వాత నర్సరీ మాలీకి ఫోన్ చేశాను. “ఎప్పుడో వచ్చిండు. పని షురూ జేసిండు గూడ. రోజూ ఎవర్నో తోల్కొస్త అంటడు, ఆయన రాలేదా ఇయ్యాల?” అన్నాడాయన.

జ్వరం తగ్గినా నేను వెనక వెళ్లలేదు. వారం రోజులూ యాదన్న తొమ్మిదింబావుకల్లా నర్సరీలో ఉన్నాడు. వాళ్ల హాజరు పుస్తకం చూశాక మేడం కూడా కాదనలేకపోయారు. పని ఖాయమైంది.

ఆ షీట్‌లో అతని నడకకీ చూపుకీ ఆగడానికీ గళ్లున్నాయి. ఎందుకు ఆగావని అతన్ని అడగడానికి గడి లేదు. గడి లేదు కదా అని నేనూ అడగలేదు. ఇప్పుడు ఎవరి గురించి ఏం రాయాలన్నా ముందు వాళ్లనే అడుగుతున్నాను. కాగితాలు ఆలస్యమవుతున్నాయి, తిట్లు వేళకే అందుతున్నాయి.

యాదన్న పని ఖాయమైనప్పుడూ అందాయి, నేను అతనికి దొరికిపోయిన సంగతి దాచకుండా చెప్పేశాను మరి. మీటింగులో అందరి ముందూ మేడం, “క్లయింటుకు దొరికిపోయిన షాడోవి నువ్వొక్కడివేనయ్యా. ఫైల్లో ఫైనల్ అబ్జర్వేషన్ ఉండాలి కాబట్టి రేపు నేనే వెనకాల వెళ్తా. ఎలా చేయాలో చూసి నేర్చుకో. అతనికి మాత్రం చెప్పకు” అన్నారు. అంతా నవ్వారు. మర్యాదకు నేనూ నవ్వాను.

సాయంత్రం యాదన్న పప్పు కడుగుతుంటే పక్కన నిలబడ్డాను.

“అన్నా, రేపు మేడం నీ ఎన్క వస్తది. చెప్పొద్దన్నది. నీకు చెప్పకుంట చేసుడు బంద్ వెట్టిన, గందుకే చెప్తున్న.”

“ఆమెకు దాటుడొచ్చా?”

మేడం రోజూ కారులో వస్తారు, కారులో పోతారు.

“నాకైతే తెల్వదన్నా. నువ్వే జర చూస్కో” అన్నాను.

మర్నాడు పదింటికి మేడం దగ్గర్నుంచి ఫోన్.

“ఎక్కడున్నారు మేడం?”

“నర్సరీలో. సిగ్నల్ దగ్గర చెయ్యి పట్టుకున్నవాడు ఇక్కడిదాకా వదల్లేదు. కూర్చోబెట్టి నాతో మట్టి నింపిస్తున్నాడయ్యా. నువ్వొచ్చి ఏదో ఒకటి చెప్పు.”

వెనకనుంచి యాదన్న గొంతు నిదానంగా వినబడింది. “ఫోను తర్వాత మాట్లాడుర్రి మేడం. ఇంకా ముప్పై కవర్లున్నయ్.”

సపోర్ట్ వర్కర్ అనవసరంగా జోక్యం చేసుకోకూడదని మా శిక్షణలో మొదటి రోజే చెప్పింది మేడమే. ఆ మాటే వినయంగా గుర్తుచేసి ఫోన్ పెట్టేశాను.