మైకు డబ్బాకు బొట్టు

మూడో అంతస్తులో 304వ గది తాళంచెవి సక్కుబాయి కొంగుకు ఉంటుంది.

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల మేడల మధ్య కొత్తగా లేచిన ఒక ప్రైవేటు యూనివర్సిటీ అది. వాళ్ల వెబ్‌సైట్లో ఈ గది ఫొటో ఉంది. ముందు గోడకు పెద్ద తెర, వెనక గోడకు కెమెరా, టీచరు బల్ల మీద అరచేతి వెడల్పున నల్లటి మైకు డబ్బా. కింద "స్మార్ట్ క్లాస్‌రూమ్" అని రాసి ఉంటుంది. ఆ ఫొటో తీసేముందు తెరను పొడిగుడ్డతో తుడిచి, కుర్చీలన్నీ వరస పెట్టి, కెమెరాకు అడ్డం రాకుండా తలుపు వెనక నిలబడ్డ మనిషి మాత్రం అందులో లేదు. ఆ మనిషే సక్కుబాయి.

నలభై ఆరేళ్లుంటాయి. ఊరు నారాయణపేట దిక్కు. ఈ మేడ కడుతున్నప్పుడు ఇటుకలు మోయడానికి వచ్చింది. మేడ లేచాక అందులోనే చీపురు పట్టింది. "కట్టింది నేనే, ఊడ్సేది నేనే. ఇగ నాది గాక ఎవ్వరిది?" అంటుంది నవ్వుతూ. నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో కిరాయి గది. షేర్ ఆటో ఎక్కితే పది నిమిషాల్లో పని దగ్గరుంటుంది. ఏడేళ్లుగా పని యూనివర్సిటీలో, పేరు మాత్రం కాంట్రాక్టరు రిజిస్టరులో. ఆమె చెమట ఇక్కడ, ఆమె ఉనికి ఇంకెక్కడో. ఈ ఏర్పాటు ఎవరి సౌకర్యం కోసమో నేను చెప్పనక్కర లేదు.

నాలుగు అంతస్తులకు కలిపి ఒక్కడే టెక్నీషియన్. అతను అన్ని గదులూ తిరగలేక, సక్కుబాయికి రెండు ముక్కలు నేర్పి వదిలేశాడు. మైకు డబ్బా మీద పచ్చలైటు వెలిగితే క్లాసు రికార్డవుతున్నట్టు. ఎర్రలైటు వెలిగితే తనకు ఫోన్ చేయాలి. ఇంకేమీ ముట్టుకోవద్దు. టైంటేబుల్ ప్రకారం గంట కొట్టగానే మిషను తనంతట తనే మొదలవుతుంది, తనంతట తనే ఆగుతుంది. రికార్డయిన క్లాసు సాయంత్రానికి పిల్లల ఫోన్లలోకి వెళ్లిపోతుంది.

ఇక్కడ "పిల్లలు" అంటే ముప్ఫై ఏళ్లవాళ్లు, నలభై ఏళ్లవాళ్లు కూడా. 304లో జరిగేది కార్మిక చట్టాల డిప్లొమా. చుట్టుపక్కల కంపెనీల్లో పనిచేస్తూ చదువుకునేవాళ్లే అందరూ. సరిత అనే అమ్మాయి ఉంది. బాచుపల్లి నుంచి వస్తుంది. వారంలో ఒక్కరోజే క్లాసుకు రాగలదు, మిగతావన్నీ ఆటోలో చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటుంది. వచ్చిన ఆ ఒక్కరోజూ పది నిమిషాలు ఆలస్యం. ఆమె కోసం సక్కుబాయి వెనక తలుపుకు గడియ పెట్టదు.

"మల్ల లేటా బిడ్డా?"

"ట్రాఫిక్ అమ్మా."

"ట్రాఫిక్ నీకొక్కదానికే పుట్టిందా? పో, సప్పుడు జెయ్యకుండ కూసో."

పాఠం చెప్పేది సీతారామయ్య గారు. నలభై ఏళ్లు కార్మికుల తరఫున కోర్టుల్లో వాదించి, మోకాళ్లు అరిగాక పాఠాలకు వచ్చారు. గుంటూరు మనిషి. సక్కుబాయిని "అమ్మా, మీరు" అనే అలవాటు ఆయనకు కోర్టు నుంచే వచ్చింది. ఆ మేడలో ఆమెను మీరు అనేది ఆయనొక్కరే.

ఇక తప్పు సంగతి.

దసరా ముందురోజు తెలంగాణలో ఎవరి పనిముట్టుకు వాళ్లు పూజ చేసుకుంటారు. బండి ఉన్నవాళ్లు బండికి, కుట్టుమిషను ఉన్నవాళ్లు మిషనుకు. సక్కుబాయి తన బకెట్టుకూ, కర్రకూ, చీపురుకూ పసుపు కుంకుమలు పెట్టింది. తరువాత బల్ల మీది మైకు డబ్బా వంక చూసింది. ఏడాది నుంచి దాని దుమ్ము తుడుస్తోంది, దాని లైటు కనిపెడుతోంది. అదీ తన పనిముట్టే కదా. దీన్నొక్కదాన్ని వదిలేస్తే అలుగుతుంది అనుకుంది. చెంచాడు గంధం కలిపి, డబ్బాకు నడినెత్తిన రాసి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టింది. సెలవులయ్యాక క్లాసు మొదలయ్యేముందు, సార్లు ఏమనుకుంటారో అని తడిగుడ్డ పెట్టి శుభ్రంగా తుడిచేసింది.

డబ్బా పైన గంధం పోయింది. కానీ నడినెత్తిన జల్లెడలా ఉన్న సన్నటి రంధ్రాల్లోకి తడిగుడ్డే దాన్ని దిగ్గొట్టింది. అది లోపల ఎండి గట్టిపడింది.

ఆ వారం మూడు క్లాసులు జరిగాయి. మూడింటికీ పచ్చలైటు వెలిగింది. సక్కుబాయి చూసి తృప్తిపడింది. ఆఫీసులో కంప్యూటరు కూడా "మూడు క్లాసులు రికార్డయినవి" అని చూపింది, అక్కడివాళ్లూ తృప్తిపడ్డారు. విన్నవాళ్లు మాత్రం ఎవరూ లేరు. లక్షణమైన మిషను ఉందని, మనిషి చెవి అక్కర్లేదనుకున్నారు. ఆ తప్పు ఒక్క సక్కుబాయిది కాదని ఇక్కడే చెప్పేస్తున్నాను.

విన్నది సరిత. పరీక్ష దగ్గర పడుతుంటే, గురువారం ఆఫీసుకు పోతూ ఆటోలో పెట్టుకుంది. ఫోన్లో సీతారామయ్య గారు చేతులు ఊపుతున్నారు, నోరు కదులుతోంది. మాట మాత్రం బిందెలో తలపెట్టి మాట్లాడినట్టుంది. మూడూ అంతే. ఆమె ఫిర్యాదు పంపింది. మధ్యాహ్నానికి టెక్నీషియన్ వచ్చి డబ్బా విప్పాడు. రంధ్రాల్లోంచి పచ్చగా, ఎర్రగా పొడి రాలింది. అతను దాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టి, డబ్బా శుభ్రం చేసి మళ్లీ బిగించాడు. ఫొటో కింద ఎవరెవరో నవ్వు బొమ్మలు పెట్టారు.

కాంట్రాక్టరు తరఫు సూపర్‌వైజరు రవీందర్. ముప్ఫై ఏళ్లవాడు, చెడ్డవాడు కాదు. పైనుంచి ఫోన్ వస్తే మాత్రం నిలబడలేడు. సాయంత్రం సక్కుబాయికి ఫోన్ చేశాడు.

"ఏందక్కా, మిషన్‌కు బొట్టు వెట్టినవంట?"

"వెట్టిన సార్. దసరా గద."

"దసరా అయితె ఇంట్ల చేస్కోవాలె. మేనేజర్ నా పానం తింటుండు. సోమవారం నుంచి రాకు."

"రాకుంటె యాడికి వోవాలె?"

"అది నాకెట్ల తెలుస్తదక్కా. పైవాళ్ల మాట."

ఫోన్ పెట్టేశాడు. ఏడేళ్ల పని రెండు నిమిషాల్లో అయిపోయింది.

ఇంటి దగ్గర పక్కగదిలో ఉండే నర్సింహ అదే యూనివర్సిటీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. "ఫికర్ జెయ్యకక్కా, రేపు నేను మాట్లాడ్త" అన్నాడు. సక్కుబాయి వినలేదు. ఆమె మనసులో పని పోయిందన్న బాధ ఒకవైపు, మూగబోయిన ఆ మూడు పాఠాలు ఇంకోవైపు. పిల్లలకు పరీక్ష ఉంది. తన చేతితోనే వాళ్ల పాఠం నోరు మూసింది.

శుక్రవారం పొద్దున సీతారామయ్య గారు గదిలోకి రాగానే ఎదురుగా నిలబడింది. పని పోయిన సంగతి చెప్పలేదు. మిగతాదంతా చెప్పింది.

"సార్, ఆ మూడు పాఠాలు మల్లొకపారి చెప్పుండ్రి. పిల్లలు ఆగమైతరు."

ఆయన నవ్వారు. "బొట్టు పెట్టారా? పోన్లెండమ్మా, నా పాఠానికి ఈ జన్మలో అంత మర్యాద ఎవరూ చేయలేదు. రేపు శనివారం గది ఖాళీయే. కానీ ఒక చిక్కుంది. ఖాళీ కుర్చీలకి నేను చెప్పలేనండి. ఎదురుగా ముఖం లేకపోతే నాకు మాట రాదు. పిల్లలందరికీ రేపు ఆఫీసులుంటాయి."

"ముఖాలే గద సార్. నేను తెస్త."

తెచ్చింది. శనివారం పదింటికి 304లో పదకొండుమంది కూర్చున్నారు. హౌస్‌కీపింగ్ లచ్చమ్మ, ఆమెతో ఇంకో అయిదుగురు ఆడవాళ్లు, డ్యూటీ దిగిన నర్సింహ, ఇద్దరు బస్సు డ్రైవర్లు, తోటమాలి, లిఫ్టు దగ్గర ఉండే పెద్దాయన. రోజూ ఆ కుర్చీలను తుడిచే లచ్చమ్మ అందులో కూర్చోవడం అదే మొదటిసారి. "మెత్తగనే ఉందే సక్కు. అందుకే నిద్రవోతరు గీళ్లు" అంది.

టైంటేబుల్‌లో లేని క్లాసు మిషనుకు తెలియదు. చేత్తో మీట నొక్కాలి. ముట్టుకోవద్దన్న మాట గుర్తొచ్చి సక్కుబాయి వేలు ఒక్క క్షణం ఆగింది. సీతారామయ్య గారు తల ఊపారు. నొక్కింది. పచ్చలైటు వెలిగింది. ఈసారి దాన్ని నమ్మలేదు.

"తమ్మీ, ఏమన్న మాట్లాడు."

"ఏం మాట్లాడాలె?" అన్నాడు నర్సింహ.

"గేటు కాడ రోజు ఏమంటవో గదే అను."

"ఐడీ కార్డు సూపియ్యుండ్రి."

మీట ఆపి, సార్‌తో తెర మీద అదే మళ్లీ వేయించింది. గదంతా నర్సింహ గొంతు ఖంగున మోగింది. అందరూ నవ్వారు. "ఇగ చెప్పుండ్రి సార్" అంది సక్కుబాయి.

సీతారామయ్య గారు మొదలుపెట్టారు. రోజూ చెప్పే ఇంగ్లిషు మాటలు రెండు దొర్లగానే ఎదురుగా ముఖాలు ముడుచుకోవడం చూసి, తెలుగులోకి దిగారు. సెక్షన్ల నంబర్లు పక్కకు పోయి, ఆయన వాదించిన కేసులు ముందుకొచ్చాయి. మిల్లులో వేళ్లు తెగిన మనిషి, కాన్పుకు పోయి వచ్చేసరికి పేరు కొట్టేసిన ఆడమనిషి. రెండు పాఠాలయ్యాక టీ తాగారు. మూడోది పని నుంచి తీసేయడం గురించి.

"తప్పు చేశాడని ఒక మనిషిని పనిలోంచి తీసేయాలంటే," అన్నారాయన, "ముందు ఆ తప్పేమిటో కాగితం మీద రాసి ఇవ్వాలి. అతను చెప్పుకునేది వినాలి. ఆ తరువాతే ఏదైనా. వినకుండా వేసిన శిక్ష నిలవదు."

సక్కుబాయి వెనక వరసలో తలుపు పక్కన కూర్చుంది. చెయ్యెత్తింది. బడి మొహం మూడో తరగతి దాకానే చూసిన మనిషి, చెయ్యెత్తాలని మాత్రం మరవలేదు.

"సార్, తప్పు నిజంగనే జేసినోళ్లను గూడ అడుగుతరా?"

ఆయన ఆమె వైపు తిరిగారు. "నిజంగా చేశారో లేదో అడక్కముందు ఎలా తెలుస్తుందమ్మా? చేశారే అనుకోండి. ఎందుకు చేశారు, తెలిసి చేశారా, తెలియక చేశారా, అది చెప్పాల్సింది ఎవరు?"

"జేసినోళ్లే."

"అంతే. చట్టంలో సగం అదే."

"ఆమె ఊకె అడగలె సార్," అన్నాడు నర్సింహ లేచి. "ఆమెను సోమవారం నుంచి రావద్దన్నరు. ఫోన్ల జెప్పిండ్రు."

సీతారామయ్య గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నిన్న ఆమె తన పని గురించి ఒక్క మాటా ఎత్తలేదని ఆయనకు అప్పుడు తట్టింది.

"కాగితం ఇచ్చారా?"

"ఇయ్యలె సార్."

"మిమ్మల్ని అడిగారా?"

"బొట్టు వెట్టినవా అన్నరు. వెట్టిన అన్న. గంతే."

"నేను పైవాళ్లకి ఫోన్ చేయగలను. కానీ అది నా మాట అవుతుంది. ముందు మీ మాట రాయండి. నర్సింహా, మీ దగ్గర పెన్ను ఉందా?"

ఆమె చెప్పింది, నర్సింహ రాశాడు. నేను ఆ కాగితం చూశాను. యథాతథంగా ఇది:

"బొట్టు వెట్టింది నేనే. మంచిగ పనిజెయ్యాలె అని వెట్టిన. తడిగుడ్డతోని తుడ్సుడు నా తప్పు. డబ్బా లోపల ఏముంటదో నాకు ఎవ్వరు చెప్పలె. పచ్చలైటు సూడుమన్నరు, సూసిన. ఇనుమని ఎవ్వరు అనలె, అంటె ఇంటుంటి. చెడగొట్టిన మూడు పాఠాలు శనివారం మల్ల చెప్పిచ్చిన. ఏడేండ్ల నుంచి ఒక్కనాడు గూడ గది తాళం లేటుగ తియ్యలె. నన్ను తీసేసే ముందు గీ కాగితం సదువుండ్రి."

కింద సక్కుబాయి సంతకం. అక్షరాలు పెద్దవి, ఒకదానికొకటి దూరంగా, కుర్చీలు వరస పెట్టినట్టు.

సోమవారం ఆమె ఎప్పటిలా గేటు దగ్గరికి వచ్చింది. రవీందర్ అక్కడే ఉన్నాడు.

"రావద్దన్న గదక్కా."

"పనికి రాలె సార్. నా మాట చెప్పనీకె వచ్చిన."

అతను గేటు దగ్గరే నిలబడి కాగితం చదివాడు. రెండుసార్లు చదివాడు. "ఇనుమని ఎవ్వరు అనలె" అన్న చోట అతని వేలు ఆగింది. ఎందుకంటే ఆ మాట చెప్పాల్సినవాళ్లలో తనూ ఒకడు. "పైకి పంపిస్త," అన్నాడు. "అందాక తాళం దియ్యి. క్లాసు టైమయితుంది."

ఆదివారమే మూడు పాఠాలూ పిల్లల ఫోన్లలోకి వెళ్లాయి. చివర సక్కుబాయి ప్రశ్న, నర్సింహ మాటలతో సహా. సరిత ఆటోలో విన్నది. వెనక తలుపు దగ్గరి ఆ గొంతు ఎవరిదో ఆమెకు వేరే చెప్పక్కర్లేదు. ఆఫీసుకు చేరేలోపే ఇంకో ఉత్తరం రాసింది: నా ఫిర్యాదు శబ్దం మీద, మనిషి మీద కాదు, ఈ మూడు పాఠాలు ఈ ఏడాదిలో నాకు బాగా అర్థమైనవి. క్లాసులో ముప్ఫైమంది ఆమె పేరు కింద పేర్లు పెట్టారు. సీతారామయ్య గారి పేరు ముప్ఫై ఒకటోది.

గురువారం రవీందర్ కాగితం తెచ్చాడు. కాంట్రాక్టరు కంపెనీ ముద్ర ఉంది. ఎలక్ట్రానిక్ పరికరాలకు పసుపు కుంకుమలు పూయరాదు, ఇది మొదటి హెచ్చరిక, పనిలో కొనసాగవచ్చు.

ఆ ఉత్తరాన్ని నర్సింహ చదివి వినిపించాడు. ఆమె చేతిలోకి తీసుకుని, తన పేరు ఉన్నచోట వేలుతో తడిమింది. ఏడేళ్లలో ఆ కంపెనీ నుంచి ఆమె పేరుతో వచ్చిన మొదటి కాగితం అదే. మనిషి ఉన్నట్టు ఒప్పుకోవడానికి వాళ్లకు ఒక హెచ్చరిక కావలసి వచ్చింది. నాకు కోపం వచ్చింది. ఆమెకు రాలేదు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆధార్ కార్డు పక్కన దాచుకుంది.

ఇప్పుడు 304లో ప్రతి క్లాసుకూ ముందు ఒక నిమిషం పాటు ఆమె మీట నొక్కి, మాట్లాడి, వేసుకుని వింటుంది. ఆ పని ఆమెదేనని టెక్నీషియన్ గోడ మీద కాగితం కూడా అంటించాడు.

మొన్న రవీందర్ తలుపు దగ్గర నిలబడి అడిగాడు.

"వచ్చే దసరాకు మల్ల బొట్టు వెడ్తవా అక్కా?"

"వెడ్త."

"అరె, కాగితమిచ్చిన గద."

"డబ్బాకు గాదు సార్. బల్ల కాలుకు వెడ్త. దానికి నోరు లేదు, చెవుల్లేవు. ఎవ్వరు కంప్లయింటు జెయ్యరు."