జడకోలాటంలో గులాబీ తాడు

మొన్న శనివారం పొద్దున పప్పుకు పోపు పెడుతుంటే ఫోనుకు ఏదో వచ్చినట్టు చప్పుడైంది. మా తమ్ముడి బిడ్డ పంపింది. హైదరాబాదులో చదువుకుంటున్న పిల్ల, పై క్లాసు వాళ్ళ వీడ్కోలు పండుగ దగ్గర పడుతోంది. బడి వాళ్ళిచ్చిన కాగితాన్ని ఫోటో తీసి పంపింది. ఆ రోజు జంటనాట్యం ఉంటుందట, పేర్లు జంటలుగా ఇవ్వాలట, ప్రతి జంటలో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఉండి తీరాలట. కింద ఆ పిల్ల రాసిన ముక్క ఒకటే: మేమిచ్చిన పేర్లు తీసుకోలేదత్తా, ఇద్దరం అమ్మాయిలమని. నేను వెంటనే ఫోను చేశాను. ఇంత చిన్నదానికి మనసు కష్టపెట్టుకుంటారా, ఎవరో ఒక పిల్లగానితో రెండు అడుగులు వేసి రారాదా అని తేలిగ్గా అనేశాను. తను మెల్లగా, "ఆ పిల్లంటే నాకు ఇష్టమత్తా. దోస్తు లెక్క కాదు, ఇంకో తీరుగ. ఇంట్లె నీకే చెప్తున్న" అన్నది. పోపు మాడిపోయింది. ఆ పూట మా ఇంట్లో అందరూ నల్లటి పప్పు తిన్నారు, ఎందుకని ఎవరూ అడగలేదు, అడిగితే ఇంకోసారి వడ్డిస్తానని భయం.

బడిలో ఆటకు జోడు ఎవరనే తగాదా నాకు కొత్త కాదు. ఎనభైల మధ్యలో, పాలమూరు జిల్లాలో, పేరు రాయడం ఇష్టం లేని ఒక చిన్న పట్నంలో ఆడపిల్లల హైస్కూలులో నేను ఎనిమిది చదువుతున్నప్పుడు మా అక్క పది చదివేది. సొంత అక్క కాదు, మా నాన్నకు అన్నైన పెద్దబాపు కూతురు. కానీ ఒకే ఇంట్లో, ఒకే చాప మీద పెరిగాం కాబట్టి ఆ తేడా మాకు తెలియదు. అక్క పొడుగ్గా ఉండేది, మాట కూడా పొడుగే, మనసులో ఉన్నది దాచుకోవడం చేతకాదు. అక్క క్లాసులోనే దర్జీ చాచా కూతురు ఉండేది. అక్క ఈడుది గనుక నేను ఉర్దూలో అక్క అన్నట్టు ఆపా అని పిలిచేదాన్ని. ఆపా మాట్లాడేది తక్కువ, లెక్కపెట్టేది ఎక్కువ. తండ్రి మిషను పక్కన కూర్చుని గుండీలు లెక్కపెడుతూ పెరిగిందో ఏమో, బడి మెట్లు, కిటికీ కమ్మీలు, పాఠం చెబుతూ సారు ఎన్నిసార్లు దగ్గాడనేది, అన్నీ లెక్కపెట్టేది. అక్క చెప్పుకుంటూ పోతే ఆపా వింటూ వచ్చేది. ఆపా డబ్బాలోని కీమా అక్కకు, అక్క డబ్బాలోని సర్వపిండి ఆపాకు పోయేవి, నాకు ఖాళీ డబ్బాలు మోసే పని దక్కేది.

వాళ్ళిద్దరూ ఒకరినొకరు ప్రేమించుకున్నారు. ఈ ఒక్క వాక్యం రాయడానికి చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. మా ఇంట్లో దీనికి ఇప్పటికీ మాట లేదు. అప్పుడు నాకూ తెలియదు. ఆపా బడికి రాని రోజు అక్క అన్నం సగం తిని లేచేదని, ఆపా వచ్చిన రోజు నా జడ కూడా తనే వేసేదని మాత్రం తెలుసు.

ఆ ఏడు వార్షికోత్సవానికి జడకోలాటం ఆడించాలని పెద్ద మేడమ్ అనుకున్నది. ఆమె మా హెడ్మిస్ట్రెస్, బందరు వైపు నుంచి వచ్చిన మనిషి, మెత్తగా మాట్లాడుతుంది, ఎవరినీ కొట్టదు. ఆట నేర్పడానికి ఆత్మకూర్ పక్క పల్లె నుంచి ఒక గొల్ల తాతను పిలిపించారు. ఆయన గొర్రెల మందను తమ్ముడికి ఒప్పజెప్పి, రోజూ మొదటి బస్సుకు వచ్చేవాడు. మమ్మల్ని కూడా మంద లెక్కనే చూసేవాడు, పేర్లు పట్టించుకోడు, గుర్తులతోనే పిలుస్తాడు. నన్ను 'ముక్కు చీదే పిల్ల' అనేవాడు. గ్రౌండులో పందిరి వేసి, దూలానికి పదహారు రంగుల తాళ్ళు కట్టాడు. పదహారు మంది ఒక చేత తాడు, ఒక చేత కోల పట్టుకోవాలి. ఎనిమిది మంది కుడికి, ఎనిమిది మంది ఎడమకు తిరుగుతూ, ఎదురొచ్చిన ఒకరికి లోపలి నుంచి, తర్వాతి వారికి బయటి నుంచి సాగిపోవాలి. తలల పైన తాళ్ళు జడలాగా అల్లుకుంటాయి. మళ్ళీ అదే లెక్కన వెనక్కి తిరిగితే జడ విడిపోయి ఎవరి తాడు వారి చేతిలో తిన్నగా నిలుస్తుంది. ఒక్కరు ఒక్క అడుగు తప్పినా చిక్కుపడుతుంది. తాత ఎత్తుకు ఎత్తు చూసి జోళ్ళు కట్టాడు. అక్కకు, ఆపాకు వేలెడు తేడా లేదు, కాబట్టి వాళ్ళిద్దరూ జోడు. అక్కది నీలం తాడు, ఆపాది గులాబీ తాడు. నేను ఎవరికైనా జ్వరమొస్తే ఆడటానికి పెట్టిన అదనపు పిల్లను. నిజం చెప్పాలంటే ఆ నెలంతా ఎవరికో ఒకరికి జ్వరం రావాలని దేవునికి మొక్కుకున్నాను.

జ్వరం రాలేదు గాని కుట్లు నేర్పే టీచరమ్మ చేతికి అక్క నోటుపుస్తకం దొరికింది. చివరి పేజీలో అక్క ఆపాకు రాసుకున్న ముచ్చట ఉంది, ఎవరింటికీ కోడలిగా పోనని, ఆపా ఎక్కడుంటే అక్కడే ఉంటానని. అది పెద్ద మేడమ్ బల్ల మీదికి చేరింది. ఆమె ఇద్దరినీ పిలిచింది, తిట్టలేదు. ఇద్దరూ మంచి పిల్లలే, కానీ ఒక్క ఆటలో ఇద్దరూ ఉండటం బాగుండదు, ఒకరు ఆడితే చాలు అన్నది. ఆ ఒకరు ఎవరన్నది ఆలోచించాల్సిన పనే లేకపోయింది. మా పెద్దబాపు సర్కారులో భూముల లెక్కలు చూసే గిర్దావరు, ఆపా తండ్రి దర్జీ. గిర్దావరు బిడ్డను ఆటలోంచి తీయరు. ఆమె ఆడకపోతే నేనూ ఆడనని అక్క ఎదురు తిరిగింది. అలాగైతే మీ నాన్నగారిని పిలిపించి ఎందుకో చెప్పాల్సి వస్తుందమ్మా అన్నది పెద్ద మేడమ్, అదే మెత్తటి గొంతుతో. ఆ మాట ఇంటికి చేరితే ఇద్దరి చదువూ పది పరీక్షలు రాయకముందే ఆగిపోతుంది. ఆపాయే అక్కను బతిమాలి ఆడమన్నది. ఆపాను చిన్నబుచ్చినట్టు ఉండకూడదని, వార్షికోత్సవం నాడు అతిథులకు మంచినీళ్ళు అందించే పని అప్పగించారు.

గులాబీ తాడు నాకు వచ్చింది. నేను ఎగిరి గంతేశాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది గాని అప్పుడు ఎగిరిన మాట నిజం. తాతకు మాత్రం నచ్చలేదు. "గీ పిల్ల ఆమె సంకల దాక వస్తది, గిదేం జోడు?" అని నసిగాడు. కారణం ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆపా కొలతకు కుట్టిన లంగా నాకు జానెడు పొడుగైంది. పొట్టి చేయించుకుందామని దర్జీ చాచా దగ్గరికి పోతే, ఆయన కత్తెర ముట్టకుండా, లోపలికి మడిచి కచ్చా కుట్టు వేసి ఇచ్చాడు. ఆపా పక్కనే కూర్చుని సూదిలోకి దారం ఎక్కించి తండ్రికి అందించింది, నావైపు చూసి నవ్వింది కూడా. ఆ రాత్రి చాప మీద అక్క నాకు అటు తిరిగి పడుకుని ఒక్క మాటన్నది. "జర పైలంగ ఆడు. గది ఆమె తాడు."

వార్షికోత్సవం మధ్యాహ్నం నాలుగింటికే మొదలైంది, కరెంటు మీద నమ్మకం లేక. కలెక్టరాఫీసు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ముఖ్య అతిథి. తాత తాళాలు మోగించాడు, మేం కదిలాం. మొదటి మూడు చుట్లు బాగానే సాగాయి. నేను జనంలో మా అమ్మ ఎక్కడుందా అని ఒక్కసారి చూశాను, అంతే. జడ మాత్రం పైకి చక్కగానే కనిపించింది, అందరూ చప్పట్లు కొట్టారు. తాత దరువు మార్చాడు, విప్పడం మొదలుపెట్టాం. సగం విడిపోయాక తాళ్ళు బిగుసుకున్నాయి. పదహారు మందిమి చేతులు పైకెత్తుకుని నిలబడిపోయాం. పిల్లలు గుంజుతున్న కొద్దీ దూలం కిర్రుమంటోంది. తాత తాళాలు ఆపేశాడు. ఎవరు తప్పారో ఆయనకు తెలుసు, నాకు తెలుసు, ముక్కు చీదే పిల్ల ముక్కు కారుతూనే ఉంది. పెద్ద మేడమ్ ముఖం తెల్లబోయింది. తాత చేతులు రెండూ చాపి అందరికీ వినపడేలా అన్నాడు, "నేనేం జెయ్యాలె? అల్లినోళ్ళే ఇప్పాలె."

అప్పుడు గ్లాసుల పళ్ళెం కింద పెట్టిన చప్పుడైంది. ఆపా ముందు వరుస కుర్చీల ముందు నుంచే నడిచి వచ్చింది, చెప్పులు విడిచింది, తాళ్ళ కిందికి వంగి నా దగ్గరికి చేరింది. ఆమె ముఖంలో కోపం లేదు. "నాలుగో సుట్టుల లోపటికెల్లి పోయేది ఉండె, నువ్వు బయటికెల్లి పోయినవ్. ఏడ్వకు, తాడు గిటియ్యి" అన్నది. దూరంగా పళ్ళెం పట్టుకుని నిలబడి కూడా ఆపా గులాబీ తాడు ఎటు పోతోందో ఒక్కొక్క అడుగూ లెక్కపెట్టుకుంటూనే ఉంది. పెద్ద మేడమ్ కుర్చీలోంచి సగం లేచింది. సరిగ్గా అప్పుడే ముఖ్య అతిథి, ఇదంతా ఆటలో భాగమనుకున్నాడో ఏమో, భలే పిల్ల అంటూ చప్పట్లు మొదలుపెట్టాడు. ఆమె మళ్ళీ కూర్చున్నది. తాత ఎవరినీ అడగలేదు, తాళాలు అందుకున్నాడు. నా చేతిలోని తాడు, కోల అందుకుని, యూనిఫారం లంగా ఓణీలోనే ఆపా కదిలింది. నేను తప్పిన చోట తానూ కావాలని అదే తప్పు వెనక్కి నడిచింది, చిక్కు వదిలింది. ఎదురెదురుగా వచ్చినప్పుడల్లా అక్క కోల, ఆపా కోల తగిలాయి. చివరి చుట్టులో అక్క నవ్వింది. నెల రోజుల తర్వాత అక్క నవ్వడం అదే మొదటిసారి. పదహారు తాళ్ళు తిన్నగా వేలాడాయి. నేను కచ్చా కుట్టు ఊడిపోయిన లంగా రెండు చేతులా ఎత్తిపట్టుకుని ఒక మూల నిలబడి అంతా చూశాను. మర్నాడు పెద్ద మేడమ్ ఆపాను పిలిచింది. ఒక గ్లాసు పగిలిందట, ఎలా పగిలిందని అడిగి పంపేసింది. ఆ నోటుపుస్తకం సంగతి పెద్దబాపు దాకా ఎన్నడూ రాలేదు.

ఆ రోజు నేను వాళ్ళిద్దరి కోసం కావాలనే అడుగు తప్పానని అక్క నమ్మింది. ఎనిమిదో తరగతి పిల్లకు అంత తెలివి, అంత దయ ఎక్కడివని తనకు తోచలేదు. ఎవరు దొరికినా ఆ కథ చెప్పి నన్ను మెచ్చుకునేది. నేను కాదనలేదు. మెప్పు తీపిగా ఉంటుంది, ఒకసారి నోట్లో పెట్టుకున్నాక ఉమ్మేయడం కష్టం.

అక్క నర్సు చదువు చదివింది, షాద్‌నగర్‌లో సర్కారు దవాఖానలో చేరింది. ఆపా అక్కడే మిషను పెట్టుకుంది. రెండు గదుల కిరాయి ఇంట్లో మొదలుపెట్టి, ఇప్పటికీ కలిసే ఉంటున్నారు. ఆపాను మా చుట్టాలు 'అక్కతోని ఉండే టైలరమ్మ' అంటారు. మా ఇళ్ళలో ఏ పెళ్ళి జరిగినా పత్రిక అక్క పేరు మీదే పోతుంది, ఇద్దరూ వస్తారు. తొంభైల్లో నా పెళ్ళికి మా ఇంటి ఆడవాళ్ళ రవికలన్నీ ఆపాయే కుట్టింది. ఫోటోగ్రాఫరు ఇంటోళ్ళు మాత్రమే నిలబడాలన్నాడు. అక్క నా పక్కకు వచ్చింది. ఆపా రెండడుగులు వెనక్కి వేసి, ఎవరో అందించిన షర్బత్ గ్లాసుల పళ్ళెం పట్టుకుంది. నేను చూశాను. పెళ్ళికూతుర్ని, ఒక్క మాటంటే అందరూ వినేవాళ్ళు. అనలేదు. ఆ ఫోటో మా ముందు గదిలో ఉంది, అందులో అక్క ఒక్కతే నవ్వడం లేదు. మేమందరం మంచివాళ్ళమే. పెద్ద మేడమ్ కూడా మంచిదే.

మాడిన పప్పు గిన్నె నానబెట్టి, ఆ సాయంత్రం షాద్‌నగర్‌కు ఫోను చేశాను. తమ్ముడి బిడ్డ సంగతి చెప్పాను, బడికి వెళ్ళి మాట్లాడదామనుకుంటున్నానని చెప్పాను. దానికి నన్నేం అడగనక్కర్లేదు, నువ్వు చిన్నప్పుడే చేసి చూపించినదానివి కదా అని అక్క మొదలుపెట్టింది. ఇక ఆ తీపి మింగుడు పడలేదు. అక్కా, ఆ రోజు నేను కావాలని తప్పలేదు, అమ్మ కోసం చూస్తూ తప్పాను, ఆ తాడు నాకే ఉండాలని కోరుకున్నాను అని చెప్పేశాను. పెళ్ళి ఫోటో సంగతి కూడా చెప్పాను. అక్క ఎప్పుడూ ఫోను స్పీకరులో పెట్టే మాట్లాడుతుంది. వెనక మిషను చప్పుడు ఆగింది. ఆపా ఫోను తీసుకున్నది.

"నాకెరుకనే," అన్నది. "కావాలని జేసెటోళ్ళు గంత మంచిగ చిక్కు పెట్టలేరు. మీ అక్క మురుస్తాంది గదా అని చెప్పలే."

తర్వాత పిల్ల ఎత్తెంత, ఆ రెండో పిల్ల ఎత్తెంత అని అడిగింది. ఇద్దరికీ బట్టలు తానే కుడుతుందట, కొలతలు పంపమన్నది.

బుధవారం పొద్దున తమ్ముడి బిడ్డతో కలిసి వాళ్ళ బడికి వెళ్తున్నాను. షాద్‌నగర్ నుంచి వాళ్ళిద్దరూ మొదటి బస్సుకు వస్తామన్నారు. ఎవరైనా అడిగితే వీళ్ళు మా అక్క, మా ఆపా, ఒక జోడు అని చెబుతాను. అక్కడి వాళ్ళు వింటారో లేదో తెలియదు. ఒక అడుగు చూసుకోక తప్పితే ఆ రోజు మంచి జరిగింది, అలాంటి అడుగే తెలిసి, కావాలని వేయడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది.